ఏడో గోడ గాలి

ఇనుప గొట్టం కొసకు రబ్బరు ట్యూబు తగిలించి
ఏడో గోడ అవతలి గాలిని
గాజు సీసాలోకి లాక్కొచ్చాడు పోశన్న.
రెండు కొసలా బిరడాలు బిగించి
నా బల్ల మీద పెట్టాడు, పొద్దున్నే పాలు పోసి వెళ్ళేవాడిలా.

సీసాలో ఏమీ లేదు.
సీసాలోంచి చూస్తే కిటికీ ఉంది,
కిటికీలో సాస్తి బొగ్గుగుట్ట, కొంచెం వంకరగా.
రంగు లేదు.
వాసన ఉందో లేదో చూడటం
మా ఆఫీసులో ఎవరూ చెయ్యని పని.

దీనికిప్పుడు నేను పేరు పెట్టాలి.

మా అమ్మకైతే ఒక్క మాట సరిపోయేది.
జ్వరమొస్తే గాలి సోకిందనేది,
చిన్నాన్న పేకాటకు పోతే గాలికి తిరుగుతున్నాడనేది,
వేపమండతో రెండింటినీ దిగదుడిచేది.
నా దగ్గర వేపమండ లేదు, అచ్చుకాగితాలున్నాయి.
తరగతి రెండు. అందులో మళ్ళీ
మండేది ఒకటి, మండనిది రెండు, విషం మూడు.
మండే విషమైతే మూడు పెద్దది, ఒకటి చిన్నది.
పెద్దదానికి తెల్ల బిళ్ళ మీద పుర్రె,
చిన్నదానికి ఎర్ర బిళ్ళ మీద మంట.
సంఖ్య: మూడు ఒకటి ఆరు ఎనిమిది.
వివరం: ఒత్తిడి లేని వాయు నమూనా.
ఒత్తిడి లేదట!
పదకొండేళ్ళు గోడ వెనక కూర్చున్నదాన్ని
అడిగి రాశారో లేదో.

చిక్కంతా ఇక్కడే.
ఏముందో తెలియకనే నాగపూర్ పంపుతున్నాం,
ఏముందో రాయకపోతే బండి ఎక్కనివ్వరు.
అనుమానముంటే
ఎక్కువ చెడ్డదని రాయమంది పుస్తకం.

"రాయి మరి," అన్నాడు పోశన్న, చెవిలో బొగ్గు తీసుకుంటూ.
"లోపట నా టిఫిన్ డబ్బా గూడ ఉన్నది.
రెండు జొన్నరొట్టెలు, పుంటికూర.
మంట లేసిందని సీటీ గొడితే ఇడిసిపెట్టి ఉరికిన.
అది ఏ తరగతో సూడు."
అచ్చుకాగితంలో ఆ గడి లేదు.

సీసాకు చీటీ కట్టాను.
చెక్కపెట్టెకు పుర్రె అతికించి
బుడగ రాకుండా బొటనవేలితో నిమిరాను, బిడ్డ నుదురు నిమిరినట్టు.
బాణం గుర్తులు వెయ్యలేదు, గాలికి పైవైపు లేదు.
మరాఠీలో ప్రమాదం, హిందీలో ప్రమాదం, ఇంగ్లీషులో ప్రమాదం.
విరూర్ స్టేషన్ దాటితే తెలుగులోనూ ప్రమాదమే,
కానీ పెట్టె ఉత్తరానికి పోతోంది.

డ్రైవర్ ఖోబ్రాగడే దాన్ని జీపు వెనక
ఇసుకబస్తాల మధ్య కూర్చోబెట్టాడు.
బీడీకట్ట తీసి నా సొరుగులో పడేశాడు.
"పదహారున్నాయి, లెక్క తప్పొద్దు."

మర్నాడు తిరిగొచ్చి చెప్పాడు.
వరోరా దగ్గర చాయ్‌కు ఆగితే
హోటలువాడు పుర్రెను చూసి జీపు దగ్గరికి రాలేదట.
నాలుగడుగుల అవతల నేల మీద గ్లాసు పెట్టి
వెనక్కి వెనక్కి నడిచాడట.
డబ్బులు కూడా నేల మీదే పెట్టమన్నాడట.
"మా తాతకూ ఇట్లాగే ఇచ్చేవాళ్ళు," అని నవ్వాడు ఖోబ్రాగడే.
"ఆయనకు స్టిక్కర్ లేదు.
ఏ ల్యాబుకూ పంపలేదు."
మరి తాగావా అన్నాను.
అతను సొరుగు లాగి
బీడీలు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఎనిమిదో రోజున అంకెలొచ్చాయి.
మండదు. విషం ఆనవాలు మాత్రమే.
ఎక్కువ భాగం నత్రజని, ఊపిరాడనివ్వదు, అంతే.
రెండో రకం. నేను అతికించింది మూడు.
మంట ఎప్పుడో ఆరిపోయిందన్నమాట,
మనం గోడను చూసి భయపడుతూ ఉండగానే.

ఖాళీ పెట్టె కూడా పుర్రెతోనే వచ్చింది.
సీసా కడిగి ఆరబెట్టేదాకా
బిళ్ళ తియ్యకూడదని ఇంకో నిబంధన.
కడిగాను. ఆరబెట్టాను.
గోటితో గీకితే సగం లేచింది,
దవడ మిగిలింది, దాని కింద బంక.

గుమ్మంలో పోశన్న, చేతిలో ఇంకో సీసా.
"నా రొట్టెల సంగతి ఏమన్న రాసిన్రా?"