మెట్ల కింద పచ్చదీపం

గ్రిమ్స్‌బీలో, రేవు వైపు వీధి.
గాలి తిరిగితే చేపల వాసన, తిరక్కపోతే వాన.
నెట్ రావడం లేదని ఫోన్ చేసింది బెరిల్ డాబ్సన్.
తలుపు తియ్యడానికే ఆమెకు రెండు నిమిషాలు:
గొలుసు, అడ్డగడియ, ఇత్తడి బోల్టు,
ఆఖర్న మొగుడు రెగ్ తన చేత్తో బిగించిన తాళం.
"నలభై ఏళ్ళు తాళాలే చేశాడు మా ఆయన.
ఈ వరసలో దొంగ పడని ఇల్లు ఇదొక్కటే."
రెగ్ పోయి తొమ్మిదేళ్ళు.
తాళానికి మాత్రం నెలనెలా నూనె వేస్తుంది.

రౌటర్ మెట్ల కింద ఉంది.
విరిగిన గొడుగు, క్రిస్మస్ చెట్టు పెట్టె,
వాటి వెనకాల, దుమ్ము శాలువా కప్పుకుని.
అడుగున అంటించిన చీటీ: పాస్‌వర్డ్ అడ్మిన్.
చేసిన కంపెనీ మూతపడి ఆరేళ్ళు.
దానికి తెలిసిన ఆఖరి దొంగ
ఆరేళ్ళ కిందటి దొంగ.

పచ్చదీపం నిక్షేపంలా వెలుగుతోంది.

"పచ్చగానే ఉందిగా" అంది.
ఫోన్లో బ్యాంకు పేజీ తెరిచి చూపించింది,
అడ్రసు పక్కన బుల్లి తాళంకప్ప.
దాన్ని వేలితో తాకింది,
పడుకోబోయే ముందు రెగ్ తాళాన్ని
ఓసారి లాగి చూసే చెయ్యి అది.

ఏం చెప్పను?
ఆ తాళం దారికే వేశారనీ,
దారి చివర ఇల్లు ఎవరిదో దానికి తెలీదనీ,
దొంగ కొట్టుకూ అచ్చం అలాంటిదే వేలాడుతుందనీ?
దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని మా వైపు సామెత.
ఇక్కడ కుక్క ఇంకా మొరగలేదు.
దొంగ రాలేదనా,
కుక్కే లేదనా?

"కొత్త డబ్బా పెట్టాలండీ."
"పాతదానికేమొచ్చింది?"
"ముసలిదైపోయింది" అని నాలిక్కరుచుకున్నాను.
ఆమె నవ్వి టీ పెట్టింది.

కొత్త పాస్‌వర్డ్ పదహారు అక్షరాలు.
గ్యాసు బిల్లు వెనక గుండ్రంగా రాసుకుని
పీత బొమ్మ అయస్కాంతంతో ఫ్రిజ్‌కి తగిలించింది.
వద్దనబోయి ఆగాను.
ఆ కాగితాన్ని చూడాలంటే
ఎవడైనా ముందు రెగ్‌ని దాటి రావాలి.
ఇంట్లో ఇవాళ నిజంగా భద్రంగా ఉన్నది
బహుశా ఆ బిల్లొక్కటే.

వ్యాన్ ఎక్కుతుంటే వెనకనించి వినపడ్డాయి:
తాళం. బోల్టు. అడ్డగడియ.
కాసేపాగి, గొలుసు.

నా ఫోన్ వెలిగింది.
భద్రతా అప్‌డేట్ సిద్ధం. ఇప్పుడా, తర్వాతా?
పదకొండు రోజులుగా అడుగుతోంది, పాపం.
క్లీథోర్ప్స్‌లో ఇంకో ఇల్లు నాకోసం చూస్తోంది.
'తర్వాత' నొక్కి,
వ్యాన్ తలుపులు పడ్డాయో లేదో
ఒకటికి రెండుసార్లు లాగి చూసుకున్నాను.