ఫొటో లేని చీటీ

పదో ఏట గొప్పలు వెంటబెట్టుకుని వెళ్ళాం.
డ్వేన్ కొత్త ట్రక్కు తాళాలు బల్లమీద పడేసి
అందరి కళ్ళూ పడేదాకా తీయలేదు.
నా మెళ్ళో ముత్యాలు మా వదినవి.
మార్లిస్ గుమ్మం దగ్గర కూర్చుని
వచ్చినవాళ్ళందరికీ ఒక చీటీ గుచ్చింది:
పేరు, పక్కన పన్నెండో తరగతి మొహం.
ఇరవై ఆరుగురం.
ఉత్తర డకోటాలో, గోధుమల గాదె నీడ
ఎంతవరకు పడితే అంతవరకే మా ఊరు.

ఇరవయ్యో ఏట పిల్లల ఫొటోలు తెచ్చుకున్నాం.
విడాకుల సంగతి ఎవరూ తేలేదు,
అది మాకంటే ముందే వచ్చి కూర్చుంది.
లోరెన్ మొదటి మొగుడితో డాన్సు చేస్తుంటే
రెండో ఆయన కోట్లు పట్టుకుని నిలబడ్డాడు.

ముప్పయ్యో ఏడు నేను వెళ్ళలేదు.
కారణం ఇప్పుడు చెప్పినా అబద్ధమే అవుతుంది.

ఆ తర్వాత వెళ్ళేసరికి బడే లేదు.
జిమ్ములో ఎవరో పొద్దుతిరుగుడు గింజలు పోసుకున్నారు.
చర్చి కింది గదిలో కలిశాం:
ఆకుపచ్చ జెల్లీ, నీళ్ళ కాఫీ,
కిటికీ పక్క బల్లమీద ఆరు కొవ్వొత్తులు.
చీటీల మీద అక్షరాలు లావెక్కాయి, మాలాగే.
ఆ రాత్రి డ్వేన్ నా చెవిలో అడిగాడు:
"వెర్లిన్ మన క్లాసేనా?"

ప్రతిసారీ వచ్చేవాడు వెర్లిన్.
కుర్చీలు వేసేదీ, మడిచేదీ అతనే.
మా చచ్చిపోయిన కుక్కల పేర్లు కూడా
అతన్నడిగితేనే తెలిసేవి.

ఇంటికెళ్ళి పాత పుస్తకం తీసి లెక్కపెట్టాను.
ఇరవై అయిదు.
మళ్ళీ లెక్కపెట్టాను.
వెనక్కి, ఇంకా వెనక్కి తిప్పితే
పదో తరగతి గ్రూపు ఫొటోలో, చివరి వరసలో
సగం మొహం దొరికింది.
మిగతా సగానికి ఎవరిదో భుజం అడ్డం.
ఆ చలికాలమే వాళ్ళ నాన్న మంచాన పడ్డాడట.
చక్కెరదుంపల పొలం పిల్లాణ్ణి తీసుకుంది,
తిరిగి ఇవ్వలేదు.

యాభయ్యో ఏట అతని చీటీ చూశాను.
ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ గడి.
మొదట్నుంచీ అంతే ఉందట,
నాకే కనబడలేదు.
"నీకు తెలుసా?" అన్నాను మార్లిస్‌తో.
"మొదటిసారే తెలుసు," అంది
వణికే చేత్తో పిన్నీసు తెరుస్తూ,
"మరి కుర్చీలు ఎవరు వేస్తారే?"

ఈ ఏడు తొమ్మండుగురం.
కొవ్వొత్తి పక్కన పెట్టడానికి
వెర్లిన్ ఫొటో ఎక్కడా దొరక్క
ఆ సగం మొహాన్నే పెద్దది చేయించింది మార్లిస్.
అడ్డొచ్చిన భుజం కూడా పెద్దదైంది.
అది నాదని డ్వేన్ అన్నాడు.
కాదు, నాదన్నాను.
లోరెన్ కళ్ళజోడు తుడుచుకుని వచ్చి
ఆ కుట్టు మా అమ్మదే, నేనే అంది.
కాఫీ చల్లారిపోయేదాకా
తొమ్మండుగురం ఆ భుజం కోసం పోట్లాడుకున్నాం.

కుర్చీలు మడవాలన్న సంగతి
దారిలో సగం దూరం వచ్చాక గుర్తొచ్చింది.