నమూనా

నా పేరు ఐలా రౌటియో.
సుపీరియర్ సరస్సు ఒడ్డున, థండర్ బే కాంక్రీటు గాదెల దగ్గర,
ఇరవై రెండేళ్లుగా గోధుమలకు గ్రేడు వేస్తున్నాను.

"నార్మల్" అన్నారు.
మొదటిసారి విన్నప్పుడు శుభవార్తే అనుకుని
దారిలో ఆగి ఏలకుల రొట్టె కొనుక్కున్నాను.
రాత్రి రెండింటికి, బాత్రూం నేల మీద చెంప ఆనించి
పలకల మధ్య గీతలు లెక్కపెడుతుంటే
ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది.
నూట పద్నాలుగు గీతలు.

రెండో ఏడు, ఒత్తిడి.
మూడో ఏడు, ఈ వయసు ఆడవాళ్ళకి మామూలే.
డాక్టర్ కీలర్ చెడ్డవాడు కాడు.
అతని కుర్చీకి చక్రాలున్నాయి, అంతే.
నేను నోరు తెరిచేసరికి అది కంప్యూటర్ వైపు తిరిగిపోతుంది.
ఇక నేను అతని చెవితో మాట్లాడతాను,
చెవి అంచున మొలిచిన తెల్ల వెంట్రుకలతో.
పీచు ఎక్కువ తినమంది చెవి.
తిన్నాను.
అది కడుపులో ముళ్ళతీగలా విచ్చుకుంది.

బెల్టుకి మేకుతో కొత్త కన్నం పొడిచాను.
క్రిస్మస్ లోపు ఇంకోటి.
"సన్నబడ్డావే, ఏం తింటున్నావో నాకూ చెప్పు" అంది
తూకం దగ్గరి డొరీన్.
ఉడికిన బంగాళాదుంప, ఉప్పు. చెప్పాను.
నవ్వింది. నేనూ నవ్వాను, పక్కటెముకలు పట్టుకుని.

గోధుమ రాసే పుస్తకంలోనే వెనక నుంచి రాయడం మొదలుపెట్టాను:
నవంబరు తొమ్మిది. ఓట్ల జావ. నలభై నిమిషాలకి నొప్పి.
కుడి పక్క, బొడ్డుకి నాలుగు వేళ్ళ కింద.
పది. ఏమీ తినలేదు. అయినా నొప్పి.
పన్నెండు. నెత్తురు.
పదమూడు. ఆర్వోకి చెప్పాను.
స్టవ్ ఆర్పి కుర్చీ నా వైపు లాక్కున్నాడు.
కుర్చీ కాళ్ళు కీచుమన్నాయి.

అన్నం ఉడికిందో లేదో
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలన్నది వంటింటి మాట.
రైలు పెట్టె దగ్గర ఆ మాట చెల్లదు.
పైన గింజ బంగారంలా మెరుస్తుంటుంది.
అడుగున చెమ్మ, బూజు, పుట్టిన వేడి.
అందుకే మా దగ్గర మనిషి కంటే పొడవైన ఇత్తడి గొట్టం ఉంటుంది.
నిలువునా దించుతాం, మూలమూలా గుచ్చుతాం.
పై గుప్పెడు చూసి సంతకం పెడితే
సాయంత్రానికి నా ఉద్యోగం ఊడుతుంది.

ఇదంతా డాక్టర్ కీలర్‌కి చెప్పాను.
చెప్పేటప్పుడు గొంతు వణికింది,
గోధుమల గురించి మాట్లాడుతూ వణకడమేమిటని సిగ్గేసింది.
"రక్తపరీక్ష బాగానే వచ్చింది కదా" అన్నాడు.
"ఆ రక్తం చేతిలోంచి తీశారు. నొప్పి అక్కడ లేదు."
కుర్చీ సగం తిరిగింది.
బయట ఎవరో ముసలాయన దగ్గుతున్నాడు, తన వంతు కోసం.
క్షమించండి, ఎవరైనా సరే,
నేను లేవలేదు.

చివరికి ఒక ఉత్తరం రాశాడు,
పురుగు పిండిలో నడిచిన గీతల్లాంటి రాతతో.
గొట్టం దించి చూస్తారట. ఏప్రిల్ రెండున.
అప్పటికి రేవులో మంచు పగలగొట్టే ఓడ తిరుగుతుంటుంది.
ఇప్పుడు మాత్రం సరస్సు పైకి గట్టిగానే ఉంది,
జనం దాని మీద స్టూళ్ళు వేసుక్కూర్చుని చేపలు పడుతున్నారు.

ఒకటి ఎవరికీ చెప్పలేదు.
అంత లోపలికి దిగి చూసి కూడా
మళ్ళీ నార్మల్ అంటారేమోనని నా భయం.
"అంటే ఏదో ఒకటి దొరకాలని కోరుకుంటున్నావా?"
నిన్న రాత్రి ఆర్వో అడిగాడు.
వేడి దుంప తొక్క తీస్తున్నాను,
వేళ్ళు కాలుతున్నాయి.
మాట్లాడలేదు.

ఫిబ్రవరి మూడు. బంగాళాదుంప. సగం.