ఎనిమిదో కాలు

గ్రిమ్స్‌బీలో నాలుగింటికే చీకటి.
మేవిస్ వంటింట్లో టీ చల్లారుతోంది,
కొక్కెం సూది నా చేతిలో.
చేపల రేవులో వలలు అల్లిన వేళ్లు ఆమెవి;
నా కుట్టు వెలుతురుకి పట్టి చూసి
"వదులు" అంటుంది, విప్పేస్తుంది.
లోపలి దూది బయటికి తొంగిచూడకూడదు.
కంటికి బొత్తాం వద్దు, దారమే కన్ను.

కాలికి యాభై గొలుసు కుట్లు.
వెనక్కొస్తూ ఒక్కో కన్నంలో మూడేసి ఇరికిస్తే
చోటు చాలక
తనంతట తానే మెలితిరుగుతుంది.

చోటు ఇరుకయ్యేదాకా ఆగలేదు
వార్డులో ఆ పిల్ల.
ఇరవై ఎనిమిదో వారం,
కిలో చక్కెర పొట్లం కన్నా తేలిక.
ముక్కులో గొట్టాన్ని పీకుతూనే ఉందట.

వేడినీళ్లలో ఉతికి ఆరేశాక
స్కేలు పెట్టి, ఒక్కో కాలూ సాగదీసి,
ఏడు సరే అంది మేవిస్.
ఎనిమిదోది పొడవు.
విప్పాను. విప్పినా
దారం మెలికలు మరిచిపోలేదు.

గురువారం కబురొచ్చింది:
గొట్టం జోలికి పోవడం లేదు,
ఆక్టోపస్‌ది ఒక్క కాలే పట్టుకుని పడుకుంటోంది.
బొడ్డుతాడు అనుకుందో, ఏమనుకుందో.
ఏ కాలని అడగబోయి
ఊరుకున్నాను.

మేవిస్ అప్పటికే ఇంకో ఉండ తీసింది,
మామిడిపండు రంగు.
సముద్రంలో ఇలాంటిది ఉంటుందా అన్నాను.
"నలభై ఏళ్లు రేవులో ఉన్నా,
చూళ్లేదు" అంది,
మొదటి ముడి వేస్తూ.