మూర

పాలమూరు దవాఖానల, మెట్ల కింది గది.
మంగళవారం పదకొండో చీటీ కురుమమ్మది.
గడియారం చౌరస్తాల పూలమ్ముతది.
తొలకరి వానకు జారి కుడి మోచెయ్యి ఇరిగి
నెలన్నర సిమెంటు పట్టిల పెట్టుకొని తిరిగింది.
పట్టి కోసి తీసిన్రు గని
చెయ్యికి ఆ సంగతి ఇంకా తెల్వలే.

గోనియోమీటర్ తీసిన.
రెండు ప్లాస్టిక్ బద్దలు, నడుమ ఒక మొల.
మొల మోచేతి బయటి ఎముక మీద,
ఒక బద్ద భుజం దిక్కు,
ఒకటి బొటనవేలి పక్క మణికట్టు దిక్కు.
"ఎంతొస్తే అంత వంచమ్మా, నేను నూక."
తొంభై రెండు కాడ ఆగింది.
పళ్ల నడుమ కొంగు.
"ఇగ చాపు."
ముప్పై తక్కువ. తుప్పు పట్టిన గొళ్లెం లెక్క.

రాస్తుంటే అడిగింది:
"గదేం కొలత బిడ్డా, మూరలల్లనా?"
డిగ్రీలల్ల, అని చెప్పిన.
"నలభై ఏండ్ల సంది గీ చెయ్యితోని
ఊరందరికీ కొలిచిచ్చిన.
గిప్పుడు దీన్నే కొలవబట్టిరి!"

మోచేతి నుంచి నడిమేలు కొసదాక
మల్లె, కనకాంబరం, చామంతి, మరువం.
ఎముక ఇరిగినా మూర తగ్గలేదట,
దారం పెట్టి తనే చూసుకుందట.
తగ్గింది బార.
ఉండల నుంచి దారం గుంజితే చెయ్యి నిండుగ పోదు.
ముద్ద నోటిదాక రాదు.
కొప్పుల పువ్వు కోడలు పెడుతది, వంకరగ.
అన్నిటికన్న ఆ వంకరకే ఆమెకు కోపం.

వేడి కాపడం. తువ్వాల చుట్టి సాగదీసుడు.
వారానికి నాలుగు డిగ్రీలు, ఒక్కోసారి మూడు.
ఒక వారం ఏమీ లేదు.
"రెండు కొసరెయ్యరాదు బిడ్డా,
గిరాకీకి కొసరు లేకుంట ఎన్నడన్న ఇచ్చిన్నా?"
పెన్ను ఆగింది.
ఎయ్యలే.
చెప్పులేసుకొని, పోయొస్తనని చెప్పకనే పోయింది.

చవితి వారం రాలే, గిరాకీ.
తర్వాతి మంగళవారం టిఫిను డబ్బా తెచ్చింది.
"సూడు" అని జొన్నరొట్టె తుంచి
చెయ్యి లేపింది.
లేచింది, ఇంకా లేచింది,
గదుమ కాడ ఆగింది.
మిగిలిన నాలుగేళ్ల దూరం
తలకాయే వంగి వచ్చింది.
నములుకుంట నా మొహం చూసింది.

మెడ వంపుకు నా కాయితంల గడి లేదు.
మొల ఎముక మీద పెట్టిన,
కండ్లు బద్దకు సమానంగ దించిన.

నూట పద్దెనిమిది.
కొసరు లేకుంట.