వెంపలి కాదు

మాత్రల కవరులో వచ్చాయి విత్తనాలు.
ఆవాల కంటే కాస్త పెద్దవి,
ఎవరో కొరికి వదిలేసినట్టు పలకలు పలకలుగా.
చీరలు కొనడానికొచ్చిన కడపాయన
బేరం కుదరక లేచి వెళ్తూ వెళ్తూ
"ఇవైనా ఉంచుకోమ్మా, నీలి" అని చేతిలో పెట్టాడు.

మాది పాటూరు.
రంగుల షెడ్డులో పదకొండేళ్లుగా
నీలాన్ని పొట్లం చింపి తీస్తున్నాను.
మరిగే నీళ్లలో చెంచాడు,
కర్రతో తిప్పడం, అంతే.
నీలానికి ఒక ఆకు ఉంటుందని తెలుసు,
ఉప్పుకి సముద్రం ఉందని తెలిసినట్టు.

మొదట చల్లినవి మొలవలేదు.
పన్నెండు రోజులు చెంబుతో నీళ్లు పోసి
వేలు పెట్టి కెలికి చూస్తే
వేసినవి వేసినట్టే ఉన్నాయి, మొండికేసి.
"పైతోలు గట్టిది, ఊరికే తెరుచుకోదు" అంది మస్తానమ్మ,
మెంతులు తప్ప ఏదీ మొలిపించి ఎరగని మనిషి.

ఈసారి పెన్న ఇసుక గుప్పెడు తెచ్చి
నాపరాయి మీద గింజలతో కలిపి
అరచేత్తో రుద్దాను,
పిల్లాడి మోకాలి మట్టి వదిలించినంత నెమ్మదిగా.
రాత్రంతా గోరువెచ్చటి నీళ్లు.
తెల్లారి కొన్ని ఉబ్బాయి, కొన్ని లేదు.
ఉబ్బినవాటిని చిల్లుపడ్డ బిందెలో,
పెరటి గోడ పక్కన.

నాలుగో రోజుకి ఆరు.

ఒకదాన్ని కోడి తినేసింది.
ఒకదాన్ని మా ఆయన పీకాడు.
"వెంపలి గదా, పీకితే ఏమైంది?"
నిజమే, చూడ్డానికి రెండూ అక్కచెల్లెళ్లే.
కొస పట్టుకుని లాగితే
వెంపలాకు బాణం మొనలాగా తెగుతుంది,
ఇది ఎటుపడితే అటు చిరుగుతుంది.
ఆ తేడా చూపించడానికి ఇంకో ఆకు ఖర్చయింది.

కార్తీకంలో వాయుగుండం.
మూడు రోజులు పెరడంతా మడుగు.
బిందెని ఎత్తి మంచం మీద పెట్టాను,
మేము కింద పడుకున్నాం.
దీని మీద ఆయన ఇప్పటికీ ఏమీ అనలేదు.

పొద్దుగూకితే ఆకులు జతలు జతలుగా ముడుచుకుంటాయి.
పువ్వు గులాబిరంగు, వెతికితేనే కనపడేంత.
నీలం మాత్రం ఎక్కడా లేదు.
కాండంలో లేదు, పువ్వులో లేదు,
గిల్లితే అన్ని ఆకుల్లాగే పచ్చరసం.

మాఘంలో తొలి కోత, రెండు దోసిళ్లు.
బకెట్టులో ముంచి పైన రాయి పెట్టాను.
రెండో నాటికి వాసన.
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని
"ఎవురింట్లో ఏం చచ్చింది?" అని మస్తానమ్మ.
ఆకు తీసేసి, తాంబూలం సున్నం చిటికెడు కలిపి
ఒక్క చిలప నూలు ముంచాను.

తీస్తే పచ్చన, పసుపు కలిసిన పచ్చన.
పోయిందిలే అనుకుని దండెం మీద వేసి
అన్నం వార్చి వచ్చేసరికి
గాలి తగిలిన చోటల్లా నీలమవుతోంది.
ఎవరో ఎప్పుడో చెప్పిన మాట
ఇప్పుడు అర్థమైనట్టు,
ఒక్కో పోగు.

లేత నీలం.
పదిసార్లు ఉతికిన బడి చొక్కా.
చీరకి చాలదు. అంచుకీ చాలదు.

మర్నాడు షెడ్డులో నా గోళ్లు చూసి
మేస్త్రి వెంగయ్య దగ్గరికొచ్చాడు.
"ఇదే నెంబరు రంగు? మన పొట్లాల్లో లేదే."
ఇంకా పెట్టలేదన్నాను.

కాయలు వంకరగా ఎండుతున్నాయి.
మాత్రల కవరు దాచే ఉంచాను.
మస్తానమ్మకీ పది గింజలిస్తానన్నాను,
ముందు ఆ మేకని కట్టేసుకుంటే.