ఉల్టా చూడీ

హసన్‌పర్తి దిక్కు పాత ఇనుప సామాన్ల కొట్టుల
దొరికింది ఫ్రేము.
సన్నటి ఉక్కు గొట్టాలు, ఎలిసిపోయిన నీలం,
పేరు రాసిన చోట సగం అక్షరాలే మిగిలినయి.
ఏ సముద్రాలు దాటొచ్చిందో
కొట్టాయనకు తెల్వది. తూకం తెల్సు.

క్రాంక్‌సెట్టు నేనే ఏరి తెప్పిచ్చిన.
నూటా అరవై అయిదు మిల్లీమీటర్ల కాడలు,
నా కాళ్లు పొట్టియి.
యాభై పండ్ల చక్రమొకటి, ముప్పై నాలుగుదొకటి.
ముప్పై నాలుగు కాజీపేట బ్రిడ్జి కోసం.
ఇరవై నాలుగు మిల్లీమీటర్ల బోలు ఇరుసు,
దానికి తగ్గ కప్పులు రెండు.
అన్నీ చూసిన.
ఫ్రేము గొట్టం ఒక్కటే కొలవలే.

లోకో షెడ్డుల ఫిట్టర్ను నేను.
బేరింగు సందు వెంట్రుకంత తప్పినా
సంతకం పెట్టను.
డ్యూటీ దిగినంక మాత్రం
కండ్లతోనే కొలత.

మండిబజార్ల యాకూబ్ పాషా దుకాణం
సగం సైకిళ్లు, సగం గాజులు.
గాజుల సగం చెల్లె మహమూదాది.
వాళ్లింట్ల గాజుకూ మరకూ ఒకటే మాట, చూడీ.

"కుడి దిక్కు ఉల్టా చూడీ బిడ్డా,
కుడికి తిప్పితేనే ఊడుతది."
నలభై ఏండ్లు గట్లనే ఊడదీసిన చెయ్యి
పాత కప్పుకు పానా తగిలిచ్చి తిప్పింది.
ఊడలే.
కిరసనాయిలు పోసినం. ఛాయ్ తాగినం.
పానాకు గొట్టం తొడిగి ఇద్దరం వేలాడినం.
ఊడలే.

మహమూదా ఎవరిదో పెండ్లిపిల్ల చెయ్యి నలుపుకుంట,
తల ఎత్తకుండనే అన్నది:
"అది ఊడుతలేదు భాయ్. బిగుస్తాంది."

ఎడమకు తిప్పిండు.
టక్కుమని ఒక్క చప్పుడు,
తర్వాత ఎన్నేండ్లదో నల్లటి గ్రీజు.

కొత్త కప్పు పెడితే
మర పట్టకుండనే లోపలికి జారింది,
రెండు-నాలుగు చేతికి రెండు-ఎనిమిది గాజు లెక్క.

అప్పుడు తీసిన సంచిలకెల్లి వెర్నియర్, సిగ్గుపడుకుంట.
గొట్టం వెడల్పు డెబ్బై.
అరవై ఎనిమిది అనుకొని తెప్పిచ్చిన.
ఇటలీ కొలత. వాళ్లు ఉల్టా పెట్టలే,
రెండు దిక్కులా సీదాయే.
యాకూబ్ చెయ్యి కాసేపు గాలిల ఆగింది.
"ఇది ఉల్టాకే ఉల్టా" అన్నడు. నవ్వలే.

"రేకు చుట్టి బిగిద్దామా?"
నా మొకం చూసి తనే మళ్ల:
"వద్దులే. షెడ్డుల చుడుతవా నువ్వు?"

మహమూదా అన్నది, బలవంతాన ఎక్కిస్తే పగిలేది గాజే,
చేతికేం కాదని.
మా దగ్గర చెయ్యే పోతది అక్కా, అన్న.
కప్పు యాభై దొరుకుతయి.
గీ గొట్టం మల్ల దొరకది.

పదకొండు దినాలకు పుణె నుంచి వచ్చినయి ఇటలీ కప్పులు.
క్రాంకు అదే. ఇరుసు అదే.
ఎడమ మరకు గ్రీజు. కుడి మరకు నీలం జిగురు,
తొక్కంగ తొక్కంగ ఆ దిక్కే వదులైతదట.
కాడ బోల్టులు రెండూ మార్చి మార్చి,
దీనికింత, దానికింత,
పంక్తిల కూసున్న పిల్లలకు వడ్డిచ్చినట్టు.
ఇరుసు తిప్పి వదిలితే
తనకు తానే ఆగింది, తొందర లేకుండ.

రాత్రి డ్యూటీ దిగి బ్రిడ్జి ఎక్కిన.
కింద నేను పాస్ చేసిన ఇంజనే
బల్లార్షా దిక్కు బొగ్గు ఖాళీ డబ్బాలు గుంజుకపోతాంది.
ముప్పై నాలుగు మీద కాళ్లు తిరుగుతున్నయి.
కాళ్ల నడుమ కిర్రుమన్న చప్పుడు కోసం
చెవి పెట్టి విన్న, సగం బ్రిడ్జి దాకా.
తర్వాత మర్చిపోయిన.

సరిపడని కప్పులు రెండూ
యాకూబ్ మేకుకు వేలాడేసిండు,
ఎవల బండికో పనికొస్తయని.
మేకు గాజుల గోడకున్నది.
మొన్న ఒక చిన్నపిల్ల వాటినే చూపెట్టి
సైజెంతని అడిగిందట.
మహమూదా చెప్పిందట,
అరవై ఎనిమిది.